ఇంట్లో ఉన్నంతసేపూ బాగానే ఉంది, గడప దాటితే మనుషులు ఎందుకిలా అరుచుకుంటున్నారు?

మందులషాపు కౌంటర్ (విజయనగరం) అడుగుతున్నారు:

మొన్న ఆదివారం వాయుగుండం వాన పట్టుకుంది కదా, మా వీధిలో పొద్దున్న టిఫిన్ల వేళకి కరెంటు పోయి మళ్లీ దీపాలు పెట్టే వేళకి గానీ రాలేదు. ఇన్వర్టర్ మధ్యాహ్నానికే చేతులెత్తేసింది, ఫోను అంతకంటే ముందే చచ్చింది. మా ఆయన ముసుగు తన్ని పడుకున్నారు, అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఏదో చదువుకుంది, నేను వంటింటి గూట్లో డబ్బాలన్నీ దించి తుడిచి, పురుగు పట్టిన చోడిపిండి జల్లించి పెట్టుకున్నాను. అన్నంలోకి చారు, ఆవ పెట్టిన అరటికాయ కూర. అంతే. ఎవరూ రాలేదు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే పని పడలేదు. రోజూ రాత్రి ఏడయ్యేసరికి నాకు పట్టుకునే తలనొప్పి ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదా అని కూర్చుని ఆలోచిస్తే తట్టింది, ఆ రోజు నా మీద ఎవరూ అరవలేదు, నా ముందు ఇంకొకరి మీద కూడా ఎవరూ అరవలేదు.

నేను మందుల షాపులో పనిచేస్తాను. చాలా ఏళ్లుగా అదే కౌంటరు. పేషెంట్లు చిరాగ్గా ఉంటారు, అది నాకు తెలుసు, ఒంట్లో బాగోలేనివాళ్లు, వాళ్ల కోసం పరిగెత్తుకొచ్చినవాళ్లు, వాళ్లని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. నేను చెప్పేది మిగతావాళ్ల సంగతి. ఇప్పుడు వచ్చేవాళ్లలో సగం మంది చెవి దగ్గర ఫోను పెట్టుకునే వస్తారు, మాట ఆపరు, చీటీ ఫొటో ఉన్న రెండో ఫోను నా ముఖం ముందు ఆడిస్తారు. ఎన్ని రోజులకి ఇవ్వమంటారు అని అడిగితే ఆగమన్నట్టు చెయ్యి చూపిస్తారు. ఆ ఫోను కబుర్లయ్యేదాకా నేనూ, వెనకాల నలుగురూ నిలబడాలి. అయ్యాక "ఏంటమ్మా ఇంత లేటు" అని మనల్నే అంటారు.

ఇంకొకటి చెప్తాను. పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగే కావాలంటే కత్తిరించి ఇస్తాం కదా. బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస మా దగ్గర ఉంచుకుని రెండో వైపునుంచి కత్తిరించాలి, లేకపోతే మిగిలిన మాత్రలకి తేదీ ఉండదు, వాటిని ఎవరికీ అమ్మకూడదు. ఒకాయన, మంచి ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం, తేదీ ఉన్న ముక్కే కావాలన్నారు. బిల్లు మీద బ్యాచ్ నంబరూ తేదీ రెండూ ఉంటాయండీ అని చూపించాను. చూడలేదు. "కౌంటర్లో కూర్చున్నదానివి నాకు చెప్తావా" అని స్ట్రిప్ నా మీదకి విసిరారు. ఆయన వెనకాల ఒక ముసలాయన లుంగీ మీద, తడిసిన గొడుగు ముడుచుకుని నిలబడి ఉన్నారు. నేలమీద పడిన స్ట్రిప్ ఆయనే వంగి తీసి నాకు ఇచ్చారు. ఆ ముసలాయన వంతు వచ్చేసరికి ఒక కుర్రాడు ఆయన భుజం మీదుగా చెయ్యి పెట్టి "రెండు డోలో" అన్నాడు. అంటే ముందు నిలబడ్డ మనిషి వాడి కంటికి ఆనలేదు.

రోడ్డు మీద సంగతి చెప్పక్కర్లేదు. గంటస్తంభం దగ్గర అంబులెన్సు ఇరుక్కుంటే దారి ఇచ్చేవాళ్లు తక్కువ, కష్టపడి అది బయటపడ్డాక దాని తోక పట్టుకుని పోయేవాళ్లు మాత్రం బోలెడు మంది. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒకడు కారు అద్దం దించి నడిరోడ్డు మీద ఖాళీ సీసా వదిలేస్తే, తోపుడుబండి ఆవిడ "బాబూ, పక్కన పడీవచ్చు కదేటి" అంది, దానికి వాడు అన్న మాట ఇక్కడ రాయలేను.

మీ అందరినీ అడిగేది ఒక్కటే. మనం ఇంతకు ముందు కూడా ఇలాగే ఉండేవాళ్లమా? నాకు వయసొచ్చి ఓపిక తగ్గిందా? లేక నిజంగానే బయట మనిషిని మనిషిగా చూడటం తగ్గిపోయిందా? మీ వైపు ఎలా ఉంది, ఇలాంటప్పుడు మీరేం చేస్తున్నారు? "పట్టించుకోకండి" అని మాత్రం చెప్పకండి, మా ఆయన రోజూ చెప్తారు.

---

బొబ్బిలి వీణ కాదు, బొబ్బిలి గోల:

పట్టించుకోకండి మేడమ్ 🙂

సరదాకి అన్నాను, కొట్టకండి. మా షాపులో (సెల్‌ఫోన్ రిపేరు) అయితే "ఫోన్ మాట్లాడుతున్నవారికి సర్వీసు లేదు" అని బోర్డు పెట్టాం. జనం ఆ బోర్డుని ఫోన్ మాట్లాడుతూనే చదువుతారు.

---

చీపురుపల్లి రూటు టీచరు:

అమ్మా, మీరు రాసింది చదివితే నా సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. నేను రోజూ పల్లెవెలుగులో పోయి వస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది కదా, ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. నాకు నెలకి మిగిలే డబ్బు తక్కువేం కాదు, ఆ పథకం మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ మా రూటులో జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. కండక్టరు ఒక్కొక్కరి ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టాలి, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లతో సహా. ఆయన గొంతు ఊరు దాటకముందే బొంగురుపోతుంది. టికెట్ కొట్టడం అయ్యేదాకా బస్సు కదలదు, బస్సు కదిలేదాకా వెనక బస్సువాడు హారన్ ఆపడు.

ఇక మాటలు. "ఫ్రీగా ఎక్కి మళ్లీ సీటు కూడానా" అని మగవాళ్లు. మొన్నొకాయన ఆడవాళ్ల సీట్లో కూర్చుని లేవమంటే "డబ్బులిచ్చినోడిని నేను" అన్నాడు. ఆడవాళ్లేం తక్కువ తినలేదు, కిటికీలోంచి చున్నీ, లంచ్ బాక్సు, ఒకసారైతే పిల్లాడి చెప్పు వేసి సీటు పట్టినావిడని చూశాను. చెప్పు ఒక్కటే సీటు మీద కూర్చుంది, పిల్లాడు ఇంకా కింద ఏడుస్తున్నాడు.

చేపలమ్మి గంప ఎక్కించబోతే బస్సంతా ముక్కు మూసుకుని అరుస్తుంది. ఆవిడ పొద్దున్నే లేచి ఎక్కడో పూసపాటిరేగ వైపు నుంచి సరుకు తెచ్చుకుని ఊరూరా తిరిగి, ఖాళీ గంపతో వస్తోంది, చేపలు కూడా లేవు అందులో. ఆ రోజు ఇంటర్ చదివే గుంట ఒకత్తి ఏమీ మాట్లాడకుండా గంప రెండో చెవి పట్టుకుని పైకి లాగింది, తన పుస్తకాల బ్యాగు దాని మీదే పెట్టి నిలబడింది. అరుస్తున్నవాళ్లు ఇంకా అరుస్తూనే ఉన్నారు, కానీ కాస్త తగ్గి.

నాకు అనిపించేది ఏంటంటే, మనుషులు చెడిపోయారని తేల్చేసే ముందు వాళ్లు ఎంత ఇరుకులో నిలబడి ఉన్నారో చూడాలి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లేలు సరిపడా ఉన్న రోజు పిల్లలు వరసలో బుద్ధిగా నిలబడతారు, గుడ్డు తక్కువ వచ్చిందని తెలిసిన రోజు ఆ వరసే ఉండదు, అదే పిల్లలు. రెండు బస్సులు ఎక్కువ వేస్తే మా రూటులో సగం తిట్లు తగ్గుతాయి. మీ మాత్రల స్ట్రిప్ విసిరినాయనకి మాత్రం ఈ లెక్క వర్తించదు. ఆయనకి ఏ ఇరుకూ లేదు.

---

నాగావళి గట్టు (రిటైరు):

అందరూ మంచి మాటలే రాశారు గానీ "ఇంతకు ముందు" అనే దగ్గర నాకు అభ్యంతరం ఉంది తల్లీ. ఏ ఇంతకు ముందు?

నేను పుట్టింది శ్రీకాకుళం పక్క పల్లెలో. మా నాన్న పెద్దరైతు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు సైకిల్ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ ఇంటి ప్రహరీ దాటాక మళ్లీ తొడుక్కుని ఎక్కేవాడు. నేను చిన్నవాడిని, నాన్నా ఎందుకు దిగావు అంటే "మర్యాద రా" అనేవాడు. ఆ ఇంటివాళ్లు అరుగు మీద కూర్చుని చూసేవారు, ఒక్కడూ తిరిగి పలకరించేవాడు కాదు. టీ బడ్డీ దగ్గర మాకు వేరే గ్లాసు, తాగి మేమే కడిగి బోర్లించాలి. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా, ఎంత పద్ధతిగా ఉండేదో మీకేం చెప్పను! ఎవరూ గొంతు పెంచేవారు కాదు. పెంచే హక్కు ఉన్నవాళ్లకి పెంచే అవసరం రాలేదు, అవసరం ఉన్నవాళ్లకి హక్కు లేదు.

ఇప్పుడు ఆ చెప్పులు పట్టుకున్నవాళ్ల మనవలు బస్సులో గట్టిగా ఫోన్ మాట్లాడుతున్నారు. కొంచెం గోలే, నాకూ చెవులు నొప్పే. కానీ ఆ గోలని నేను తిట్టలేను.

ఇక మనం అందరం సమానంగా అమర్యాదగా ఉన్న చోట్లు అప్పుడూ ఉన్నాయి. కొత్త సినిమా మొదటి రోజు టికెట్ల సందులోకి మనుషుల తలల మీద నుంచి పాక్కుంటూ పోయేవాళ్లం, చొక్కా చిరక్కుండా టికెట్ తెచ్చినవాడు మొనగాడు కాదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే విద్య టీచరమ్మ గారు ఈ మధ్య వచ్చిందనుకుంటున్నారేమో, అది మా తాతల నాటిది. తువ్వాలు స్థానంలో చెప్పు వచ్చింది, అంతే తేడా.

---

మందులషాపు కౌంటర్ (విజయనగరం):

నాగావళి గట్టు బాబాయి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ సైకిల్ సంగతికి నా దగ్గర సమాధానం లేదు, అలాంటి మర్యాద పోతే పీడా పోయింది. కానీ ఒక మాట అడగనివ్వండి. నా మీద స్ట్రిప్ విసిరినాయన చెప్పులు పట్టుకున్న తాత మనవడిలా లేడు, ఆ ప్రహరీ లోపల కూర్చున్నవాళ్ల మనవడిలాగే ఉన్నాడు. కింద పడినది తీసి ఇచ్చిన ముసలాయనే మీ నాన్నగారి తరహా మనిషి. ఆయన భయపడి తియ్యలేదు, నా వయసు చూసి, "నీకు నడుం నొప్పేమో తల్లీ, నువ్వు వంగకు" అన్నారు. భయంతో చేసే మర్యాద పోవాలి, సరే. ఈయన చేసినది భయంతో చేసింది కాదు కదా, మరి ఇది ఎందుకు తగ్గిపోతోంది, ఇదీ నా ప్రశ్న.

టీచరు గారూ, ఇరుకు సంగతి ఒప్పుకుంటాను. మా షాపులో రద్దీ సాయంత్రమే, తిట్లూ సాయంత్రమే. పొద్దున్న వచ్చేవాళ్లు "ఏమ్మా టిఫినైందా" అని అడిగి మరీ మందులు తీసుకుంటారు.

---

ఏడురోడ్ల డెలివరీ:

నేను శ్రీకాకుళంలో ఫుడ్ డెలివరీ చేస్తాను, డిగ్రీ అయింది, గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను. ఇక్కడ అందరూ కుర్రాళ్లని అంటున్నారు కాబట్టి మా వైపు కూడా రాస్తాను, కొంచెం పెద్దదైతే ఏమీ అనుకోకండి.

భుజం మీదుగా చెయ్యి పెట్టి డోలో అడిగినవాడిని నేను సమర్థించను. కానీ రోజుకి ఎంతమంది నాతో తలుపు పూర్తిగా తీసి మాట్లాడతారో మీకు తెలుసా? గొలుసు వేసిన తలుపు సందులోంచి చెయ్యి వస్తుంది, కవరు లాక్కుంటుంది, తలుపు మూసుకుంటుంది. వర్షంలో తడిసి వెళ్తే "మెట్లు తడుపుతున్నావు, అక్కడే ఉండు" అంటారు. అపార్టుమెంట్లో లిఫ్టు ఎక్కొద్దని వాచ్‌మన్ చేత చెప్పిస్తారు, నాలుగో అంతస్తు వాళ్లే మళ్లీ "ఇంత లేటేంటి" అని ఒక్క స్టార్ ఇస్తారు. ఆ స్టార్లు మా మీద ఎలా పడతాయో వాళ్లకి తెలీదు. అడ్రసు "గుడి పక్కన" అని రాస్తారు, ఈ ఊళ్లో గుడి పక్కన లేని ఇల్లు ఏదో చెప్పండి? ఫోన్ చేస్తే ఎత్తి, నా మాట వినకుండా "లొకేషన్ పెట్టాను కదయ్యా" అని కట్ చేస్తారు. ఇవన్నీ చేసేది కుర్రాళ్లు కాదు, ఎక్కువగా యాభై దాటినవాళ్లే, పిల్లలకి మర్యాద లేదని బాధపడేవాళ్లే. అరసవల్లి వైపు ఒక ఇంట్లో హాల్లో టీవీ ముందు ముగ్గురు కూర్చుని ఈ కాలం పిల్లల గురించి మాట్లాడుకుంటూ నన్ను గేటు దగ్గర నిలబెట్టారు, చిల్లర కోసం. వినపడుతూనే ఉంది.

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే నేను ఆగుతాను. వెనకాల కారులో పెద్దాయన హారన్ కొడతాడు, ఎందుకు ఆగావని. ఆ హారన్ మీద హారన్. మాకు టైము తక్కువ, మేము కూడా తప్పుగా దూరిపోతాం, కాదనను. కానీ కారులో ఏసీ వేసుకుని కూర్చున్నవాళ్లకి ఏం అర్జెంటో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు.

మంచినీళ్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్కువగా చిన్న ఇళ్లలో. ఒకామె ప్రతిసారీ "కూకో బావూ, గాలి తగల్నీ" అంటుంది. ఆమె ఆర్డర్ చేసేది కూడా తన కోసం కాదు, పైవాటాలో అద్దెకున్నవాళ్ల కోసం తీసి ఉంచుతుంది.

---

పలాస పాసింజరు:

తమ్ముడు రాసింది నిజం. నేను విశాఖ రోజూ పోయి వచ్చే ఉద్యోగిని, నాకు తెలిసింది రైలు. ముగ్గురు కూర్చునే బెంచీ మీద "కొంచెం సర్దుకోండి" అంటే నాలుగో మనిషికి జాగా ఇవ్వడం మా లైన్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇప్పుడూ ఇస్తారు. కానీ ముందు ఫోన్లోంచి తల ఎత్తాలి కదా. రెండుసార్లు అడగాలి, మూడోసారి భుజం తట్టాలి, అప్పుడు కోపంగా చూసి జరుగుతారు. ఇయర్‌ఫోన్ లేకుండా రీల్స్ పెట్టుకునేవాళ్ల గురించి వేరే చెప్పాలా, ఒక పెట్టెలో ఒకేసారి ఐదు పాటలు, మధ్యలో ఎవరిదో వీడియోకాల్.

2023 అక్టోబరు 29 రాత్రి అలమండ, కంటకాపల్లి మధ్య మా పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దినప్పుడు నేను ఆ బండిలో లేను, ఆదివారం కాబట్టి. మాతో రోజూ ప్రయాణం చేసేవాళ్లలో తెలిసినవాళ్లు ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చీకట్లో పరిగెత్తుకుంటూ వచ్చి మనుషుల్ని బయటికి లాగారని వాళ్లు చెప్పారు. దాన్ని చూపించి "మనవాళ్లు బంగారం, పైకి అలా ఉంటారు గానీ" అని అప్పట్లో అందరూ అన్నారు. నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవించను. ప్రమాదం రోజున సాయం చెయ్యని మనిషి అరుదు. అసలు పరీక్ష మామూలు మంగళవారం సాయంత్రం, నీ కాళ్లు నొప్పెడుతున్నప్పుడు, ఎదురుగా పిల్లని ఎత్తుకున్న ముక్కూమొహం తెలియని మనిషి నిలబడి ఉన్నప్పుడు.

ఇంకో సంగతి గమనించాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున మీ విజయనగరానికి లక్షల్లో జనం వస్తారు, ఆ కోట రోడ్డు మీద ఊపిరాడదు. టీచరు గారు ఇరుకు అన్నారు కదా, అంతకంటే ఇరుకు ఎక్కడుంటుంది? కొసన పూజారిని కూర్చోబెట్టిన ఆ పొడుగాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా గంటలు గంటలు నిలబడతారు, పిల్లల్ని ముందుకి పంపిస్తారు, ముసలివాళ్లకి మేడల మీద చోటిస్తారు. తోపులాట ఉండదని కాదు, పోలీసుల లాఠీ కూడా ఉంటుంది. అయినా మొత్తం మీద జనం ఒకరినొకరు భరిస్తారు. రెండు రోజుల తర్వాత అదే రోడ్డు మీద స్కూటరు అంగుళం అడ్డం వస్తే కొట్టుకుంటారు. ఆ రోజున పక్కన ఉన్నవాడు మనతో పాటు వచ్చినవాడు, మామూలు రోజున మనకి అడ్డం వచ్చినవాడు. ఇరుకు ఒక్కటే కారణమైతే సిరిమాను రోజున మనం మిగలకూడదు.

---

చీపురుపల్లి రూటు టీచరు:

పాసింజరు గారూ, బాగా అడిగారు. కానీ సిరిమాను రోజున ఎవరికీ సీటు తక్కువ పడదు, అమ్మవారు అందరికీ కనిపిస్తుంది. బస్సులో సీటు నాకు దొరికితే మీకు పోయినట్టే. ఇరుకు వేరు, కొరత వేరు, ముందు రాసినప్పుడు నేను రెండూ కలిపేశాను.

---

నోటీసుబోర్డు:

చర్చ బాగుంది, నేను కొంచెం కాగితం వైపు చెప్తాను. నేను వకీలు దగ్గర గుమాస్తాని, వకీలుని కాదు.

హారన్: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194ఎఫ్ అని ఒక సెక్షన్ ఉంది. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొట్టినా, హారన్ వద్దని బోర్డున్న చోట కొట్టినా మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ దొరికితే 2,000. అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే 194ఈ, 10,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. రైళ్లలో రాత్రి 10 దాటాక గట్టిగా పాటలు పెట్టడం, గట్టిగా ఫోన్ మాట్లాడటం ఆపించాలని రైల్వే బోర్డు 2022 జనవరిలో సిబ్బందికి ఆదేశాలిచ్చింది, టీటీఈకి చెప్పొచ్చు. పాసింజరు బండిలో టీటీఈ కనిపిస్తే.

మైకులు: 2000 సంవత్సరం శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండగలకీ ఉత్సవాలకీ ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలించొచ్చు, అదీ సంవత్సరంలో 15 రోజులు మించకూడదు. ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా పెట్టొచ్చు, అక్కడ ఇంకా తక్కువ. అసలు పగలైనా సరే మైకు పెట్టడానికి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి.

ఇవన్నీ తెలిసీ నేను చేసేది వేరు. మా వీధిలో వినాయకచవితి డీజేకి కిటికీ అద్దాలు ఊగిపోయేవి. రాత్రి పదకొండుకి వెళ్లి అడిగితే ఏమవుతుందో తెలుసు, అప్పటికి వాళ్లలో సగంమంది మనలోకంలో ఉండరు. అందుకని పందిరి గుంజలు పాతే రోజునే, పగటిపూట వెళ్లాను, చందా ముందు ఇచ్చాను, తర్వాత అడిగాను. మా పక్కింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారు, కమిటీ కుర్రాడి మేనత్తని వెంటబెట్టుకుని వెళ్లాను. మేనత్త ముందు వాడు ఏమంటాడు? తొమ్మిదిన్నరకి డీజే ఆపి భజన పెట్టారు. నిమజ్జనం రోజు మాత్రం మాట తప్పారు, అది లెక్కలోకి తీసుకోకూడదు.

మందుల షాపు అమ్మగారికి: వస్తువు విసిరినాయన మీద మీరు చెయ్యగలిగింది ఎక్కువ లేదు. కానీ "తేదీ ఉన్న కొస షాపులోనే ఉంటుంది, బ్యాచ్, తేదీ బిల్లు మీద చూసుకోండి" అని కౌంటరు అద్దం మీద అతికించండి. మీ నోటిమాట వినరు గానీ అచ్చులో ఉంటే రూలనుకుంటారు. పోట్లాట మీతో కాకుండా కాగితంతో అవుతుంది.

---

మందులషాపు కౌంటర్ (విజయనగరం):

బోర్డు ఆలోచన బాగుంది, మా ఓనరు గారిని అడిగాను, రేపు ప్రింటు తీయిస్తానన్నారు. ఫోన్ సంగతి కూడా రాద్దామంటే వద్దన్నారు, గిరాకీ పోతుందట.

గుమాస్తా గారూ, ఇంకొకటి అడుగుతాను, ఇది కొంచెం నాజూకు విషయం. కార్తీకమాసం కదా, మా వీధి చివర గుడి మైకు నాలుగున్నరకే మొదలవుతుంది. భక్తి పాటలే, నాకు వ్యతిరేకత ఏమీ లేదు, నేనూ సోమవారం దీపాలు పెట్టేదాన్నే. కానీ మా అమ్మాయి రాత్రి ఒంటిగంట దాకా చదివి పడుకుంటుంది. ఎదురింటాయనకి నైట్ డ్యూటీ. ఎవరికీ నోరు రావడం లేదు, గుడికి వ్యతిరేకంగా మాట్లాడినట్టు అవుతుందని. దీనికి కూడా అదే రూలా?

---

నోటీసుబోర్డు:

రూలు అదే, గుడైనా మసీదైనా చర్చైనా పొద్దున్న 6 దాకా బయటి మైకు ఉండకూడదు. కానీ ఆ కాగితం పట్టుకుని వెళ్లకండి, మాసం ముగిసినా మాట మిగిలిపోతుంది.

ముందు పైకి చూడండి, గొట్టం మైకు ఏ వైపు తిరిగి ఉందో. చాలా గుళ్లలో సౌండు ఎక్కువ ఉండదు, గొట్టం నేరుగా ఇళ్ల మీదకి ఉంటుంది. పూజారిగారితో సాయంత్రం హారతి అయ్యాక, జనం లేనప్పుడు మాట్లాడండి. మైకు ఆపమని అడగొద్దు, ఆరు దాకా లోపలి బాక్సులో పెట్టుకుని ఆ తర్వాత బయటిది వెయ్యమనండి, గొట్టాన్ని చెరువు వైపో ఖాళీ స్థలం వైపో తిప్పించమనండి. తిప్పడానికి మైకుసెట్టు కుర్రాడు నిచ్చెన తెచ్చుకుని వస్తాడు, వాడి చేతిలో మీరే ఓ వంద పెట్టండి. ఎదురింటాయన్ని కూడా తీసుకెళ్లండి, డ్యూటీ యూనిఫారంలో ఉంటే ఇంకా మంచిది.

---

బొబ్బిలి వీణ కాదు, బొబ్బిలి గోల:

వంద కాదండీ, ఇప్పుడు నిచ్చెన ఎక్కాలంటే రెండొందలు అడుగుతున్నారు.